రాతి చీమిడి: ఒక డయాటమ్‌ని గుర్తుపట్టిన కథ, తప్పు మనిషి మీద నేరం మోపిన కథ

ఈరోజు ఎపిసోడ్ ఒక ఫోన్ కాల్‌తో మొదలైంది. బీటెక్‌లో నా రూమ్మేట్ ఒకడు ఇప్పుడు ఆక్లండ్‌లో ఉంటున్నాడు. మొన్న న్యూజిలాండ్ దక్షిణ దీవికి ట్రిప్‌కి వెళ్ళి, అక్కడ ఒక ఏటి ఒడ్డున నిలబడి వీడియో కాల్ చేశాడు. "మామా, ఇక్కడ బోర్డు చూడరా. ఏట్లో దిగి వచ్చిన బూట్లు కడిగి, ఆరబెట్టుకుని గానీ ఇంకో ఏట్లో దిగకూడదంట. తెలిసి తెలిసి అంటిస్తే జైలంట!" అన్నాడు.

దేనికిరా అంటే, "ఏదో నాచురా, కంటికి కూడా కనబడదంట" అన్నాడు.

కంటికి కనబడని నాచుకి జైలు శిక్షా? నేను నవ్వాను. ఆ తర్వాత నాలుగు రాత్రులు దీని గురించే చదివాను. తీరా చూస్తే ఇది నాచు కథ మాత్రమే కాదు. ఒక జీవిని ఎలా గుర్తుపడతాం, గుర్తుపట్టాక కూడా ఎలా తప్పు చేస్తాం అనే కథ. ఇందులో నా పాత ఉద్యోగంలో జరిగిన ఒక పొరపాటు కూడా గుర్తొచ్చింది. అది మధ్యలో చెప్తాను.

ముందు పాకుడు సంగతి

మీలో చాలామంది గోదావరి రేవులోనో కృష్ణ రేవులోనో, కనీసం ఊరి కాలవ మెట్ల మీదైనా ఒక్కసారి కాలు జారి ఉంటారు. "పాకుడు పట్టింది, చూసి దిగు" అని అమ్మమ్మ అరుస్తుంది కదా, ఆ పాకుడు. ఆకుపచ్చగా ఉన్నది వేరు. రాయి మీద గోధుమ రంగులో పల్చటి పొరలా ఉంటుందే, దాన్ని గోటితో గీకి మైక్రోస్కోప్ కింద పెడితే, అందులో పెద్ద వాటా డయాటమ్‌లదే ఉంటుంది.

డయాటమ్ అంటే ఒకే కణం ఉన్న ఆల్గా. మొక్కలాగే ఎండతో తిండి తయారు చేసుకుంటుంది. భూమి మీద జరిగే మొత్తం కిరణజన్య సంయోగక్రియలో సుమారు ఐదో వంతు వీటిదేనని అంచనా. మన ఊపిరిలో వీటి వాటా చిన్నదేమీ కాదు.

వీటి స్పెషాలిటీ ఏంటంటే, ఇవి గాజు ఇంట్లో ఉంటాయి. నీళ్ళలో కరిగి ఉన్న సిలికాని పీల్చుకుని, దాంతో తన చుట్టూ గట్టి డబ్బా కట్టుకుంటుంది. ఇసుకలో ఉండేది కూడా సిలికానే. ఆ డబ్బా రెండు భాగాలు, సబ్బుపెట్టెలాగా. పైమూత కాస్త పెద్దది, కింది భాగం కాస్త చిన్నది. ఒకదాంట్లో ఒకటి సరిగ్గా కూర్చుంటాయి. ఆ గాజు మీద గీతలు, చుక్కలు, చీలికలు ఉంటాయి. ఒక్కో జాతికి ఒక్కో డిజైన్. అందుకే డయాటమ్‌ని గుర్తుపట్టాలంటే మొదట చూసేది ఈ గాజు డబ్బానే. ఆధార్ కోసం ఇచ్చే వేలిముద్ర లాంటిది అనుకోండి.

కానీ ఇక్కడో తిరకాసు ఉంది. డయాటమ్ రెండుగా చీలినప్పుడు ఆ పెట్టె విడిపోతుంది. ఒక పిల్లకి పైమూత, ఇంకో పిల్లకి కింది భాగం. ప్రతి పిల్లా తనకి దక్కినదాన్ని పైమూతగా పెట్టుకుని, దాని లోపల పట్టేలా కొత్త భాగం కట్టుకుంటుంది. అంటే కింది భాగం దక్కిన పిల్ల, తల్లి కంటే చిన్నగా ఉంటుంది. దాని పిల్లల్లో ఒకటి ఇంకా చిన్నది. అలా తరతరానికీ సైజు తగ్గుతూ వచ్చి, ఒక దశలో లైంగిక పునరుత్పత్తి జరిగి మళ్ళీ పెద్ద కణం పుడుతుంది. కాబట్టి ఒకే జాతిలో కూడా ఒకటి ఇంకోదానికి రెట్టింపు పొడవు ఉండొచ్చు. సైజు ఒక్కటే చూసి పేరు పెట్టేస్తే పప్పులో కాలేసినట్టే.

మూడు వందల ఏళ్ళ కన్‌ఫ్యూజన్

డయాటమ్‌ని మొదట చూసిందెవరు? మనకి దొరికే పాత రికార్డు 1703 నాటిది. ఇంగ్లండ్‌లో పల్లెటూళ్ళో ఉండే ఒక పెద్దమనిషి, నీటి మొక్క వేళ్ళకి చిన్న చిన్న చతురస్రాలు, దీర్ఘచతురస్రాలు అతుక్కుని ఉన్నాయని లండన్ రాయల్ సొసైటీకి రాసి పంపాడు. పేరు లేకుండానే వాళ్ళ పత్రికలో అచ్చయింది. ఆయన వేసిన బొమ్మలు చూసి, అది ఇప్పుడు మనం టాబెల్లేరియా అనే మంచినీటి డయాటమ్ అయి ఉంటుందని అంటున్నారు. చూడండి, మొట్టమొదటి రికార్డులోనే రెండూ ఉన్నాయి: దాని ఆకారం ఏంటి, అది ఎక్కడ దొరికింది. ఈ రెండే ఈరోజు మన కథకి కూడా కీలకం.

తర్వాత చాలాకాలం ఇది మొక్కా, జంతువా అన్నదే తేలలేదు. కొన్ని డయాటమ్‌లు నెమ్మదిగా జారుతూ కదులుతాయి. కదిలితే జంతువే కదా అనుకున్నారు. 1783లో డెన్మార్క్‌కి చెందిన ముల్లర్ ఒక డయాటమ్‌ని సూక్ష్మ జంతువుల లిస్టులో పెట్టాడు. 1838లో జర్మనీలో ఏరెన్‌బర్గ్ కూడా తన పెద్ద పుస్తకంలో వీటిని జంతువులుగానే చూపించాడు, కడుపులు కూడా ఉన్నాయనుకున్నాడు! 1844లో కుట్జింగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త డయాటమ్‌ల మీద ఒక పెద్ద గ్రంథమే వేసి, వీటిని ఆల్గే వైపు నిలబెట్టాడు.

మన హీరో, లేదా విలన్, ఈ గొడవ నడుస్తుండగానే ఎంట్రీ ఇచ్చింది. 1817లో హాన్స్ క్రిస్టియన్ లింగ్‌బై అనే డెన్మార్క్ వృక్షశాస్త్రవేత్త ఫారో దీవులకి వెళ్ళాడు. ఉత్తర అట్లాంటిక్‌లో స్కాట్లండ్‌కీ ఐస్‌లండ్‌కీ మధ్య ఉండే చలి దీవులు అవి. వెళ్ళింది నాచు సేకరించడానికి. కానీ అక్కడి జనం నోటి పాటలుగా పాడుకునే పాత వీరగాథలు విని, వాటిని కూడా రాసుకొచ్చాడు. 1822లో అచ్చేయించాడు. ఫారో భాషలో అచ్చయిన మొదటి పుస్తకం అదే. నాచు కోసం వెళ్ళినవాడు ఒక భాషకి మొదటి అచ్చు పుస్తకం ఇచ్చాడన్నమాట.

దానికి మూడేళ్ళ ముందు, 1819లో, ఆయన నాచుల పుస్తకం వచ్చింది. అందులో ఎకినెల్లా జెమినాటా అనే ఒక జీవిని వర్ణించాడు. జెమినాటా అంటే లాటిన్‌లో జంటగా ఉన్నది, కవలలు అని. 1824లో అగార్డ్ అనే స్వీడన్ శాస్త్రవేత్త దాన్ని గోంఫోనీమా అనే గుంపులోకి మార్చాడు. 1899లో ష్మిట్ ఇంకో గుంపులో పెట్టడంతో ఇప్పటి పేరు వచ్చింది: డిడిమోస్ఫీనియా జెమినాటా. గ్రీకులో డిడిమోస్ అంటే కవల, స్ఫెన్ అంటే మేకు లాంటి చీల. అంటే పేరులోనే రెండుసార్లు "కవల" అని రాసి ఉంది. ముద్దుపేరు డిడిమో. ఇంగ్లిష్‌లో జనం పెట్టిన పేరు "రాతి చీమిడి". ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

గుర్తుపట్టడం ఎలా: ఆకారం

ఏట్లో రాయి మీద గోధుమరంగు ముద్ద కనబడింది. అది డిడిమోనా కాదా?

మొదటి పరీక్ష చెయ్యి పెట్టి చూడటమే. మామూలు నాచు వేళ్ళ మధ్య జిగటగా జారిపోతుంది, నలిపితే విడిపోతుంది. డిడిమో చూడటానికి చీమిడిలాగే ఉంటుంది గానీ, ముట్టుకుంటే జిగురు ఉండదు. తడిసిన ఉన్నిలాగా, తడి దూదిలాగా ఉంటుంది. లాగినా తేలిగ్గా రాదు. చచ్చిపోయి తెల్లబడ్డ పోగులు నీళ్ళలో తేలుతుంటే, ఎవరో టాయిలెట్ పేపర్ పారేశారనీ, డ్రైనేజీ కలుస్తోందనీ జనం కంప్లైంట్లు ఇచ్చిన సందర్భాలున్నాయి.

రెండో పరీక్ష ల్యాబ్‌లో. కొంచెం ముద్ద తీసుకుని హైడ్రోజన్ పెరాక్సైడ్‌లోనో ఆసిడ్‌లోనో వేసి కాచి, లోపలి జీవపదార్థం అంతా పోయేలా చేస్తారు. గాజు మాత్రమే మిగులుతుంది. దాన్ని చాలాసార్లు కడిగి, ఒక చుక్క కవర్ గ్లాస్ మీద ఆరబెడతారు. తర్వాత కాంతిని బాగా వంచే ఒక రకం రెసిన్‌లో అతికిస్తారు. నేరుగా నీళ్ళలో పెట్టి చూడొచ్చు కదా అంటారా? నీళ్ళ గ్లాసులో గాజు గోళీ వేసి చూడండి. అంచులు సరిగ్గా కనబడవు. ఇక్కడా అంతే. చుట్టూ ఉన్న పదార్థం గాజు కంటే కాంతిని బాగా ఎక్కువగా వంచితేనే గీతలన్నీ తేలి కనిపిస్తాయి.

ఇప్పుడు 1000 రెట్లు పెద్దదిగా చూస్తే ఏం కనిపించాలి?

పాతకాలపు కూల్‌డ్రింక్ గాజు సీసా ఆకారం. నడుము దగ్గర ఉబ్బు, రెండు చివర్లా ఉబ్బు, మధ్యలో నొక్కులు. ఒక చివర పెద్దది, దాన్ని తల అందాం. రెండోది చిన్నది, అది పాదం. పొడవు సుమారు 60 నుంచి 140 మైక్రాన్లు. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లని గుర్తుపెట్టుకుంటే, ఏటి డయాటమ్‌లలో ఇది ఏనుగు లాంటిదని అర్థమవుతుంది. చాలావాటి పొడవు అందులో సగం కూడా ఉండదు.

నిలువునా మధ్యలో ఒక చీలిక ఉంటుంది. నడుము దగ్గర ఆ చీలికకి ఒకే పక్కన రెండు నుంచి ఐదు దాకా ప్రత్యేకమైన చుక్కలుంటాయి. అంచుల నుంచి లోపలికి అడ్డగీతలు, 10 మైక్రాన్ల దూరంలో ఎనిమిది నుంచి పది. పాదం చివర సన్నని రంధ్రాల గుంపు ఉంటుంది. అసలు కథంతా ఆ రంధ్రాల దగ్గరే.

ఆ రంధ్రాల్లోంచి డిడిమో ఒక తాడులాంటి కాడని బయటికి వదులుతుంది. చక్కెర అణువులతో అల్లిన గట్టి కాడ. దాంతో రాయిని పట్టుకుని నిలబడుతుంది. పైన కణం రెండుగా చీలినప్పుడు కాడ కూడా రెండు కొమ్మలవుతుంది. ప్రతి కొమ్మ మీదా ఒక కణం, పక్కపక్కన కవలల్లాగా. లింగ్‌బై పెట్టిన "జెమినాటా" అనే పేరు ఇప్పుడు అర్థమైందా?

మన కంటికి కనిపించే ఆ ముద్దలో ఎక్కువ భాగం కణాలు కాదు, కాడలే. కణం చచ్చిపోయినా కాడ త్వరగా కుళ్ళదు. అందుకే మేట పెరుగుతూ పోతుంది, కొన్నిచోట్ల 20 సెంటీమీటర్ల మందం దాకా.

కాడ ఉన్న ప్రతిదీ డిడిమో కాదు. గోంఫోనీమా, సింబెల్లా జాతులకి కూడా కాడలుంటాయి, వాటిలో కొన్ని మేటలు కూడా కడతాయి. సింబెల్లా అయితే అరటిపండులా ఒకవైపు వంగి ఉంటుంది. గోంఫోనీమా కూడా చీలలాగే ఉంటుంది గానీ, మామూలుగా చిన్నది, సీసా నొక్కులు ఇంత స్పష్టంగా ఉండవు. అందుకే ఒక్క గుర్తు చూసి ఆగిపోకూడదు. ఆకారం, చుక్కలు, గీతలు, రంధ్రాలు అన్నీ కలిసి రావాలి.

కేసు మొదలు: ఎవరు తెచ్చారు?

1989. కెనడా పడమటి తీరంలో వాంకూవర్ దీవి. హీబర్ అనే నదిలో రాళ్ళన్నీ గోధుమరంగు దుప్పటి కప్పుకున్నట్టు అయిపోయాయి. తర్వాతి కొన్నేళ్ళలో ఆ దీవిలోని ఇంకా చాలా నదుల్లో అదే. స్లైడ్ చేసి చూస్తే డిడిమో. గుర్తింపులో ఏ అనుమానమూ లేదు.

వింత ఏంటంటే, ఇది మురికి నీళ్ళలో రాలేదు. మనకి తెలిసిన లెక్క ప్రకారం నాచు విపరీతంగా పెరిగిందంటే ఎరువులో డ్రైనేజీయో కలిసి ఉండాలి. హుస్సేన్‌సాగర్ చూసిన మనకి ఇది వేరే చెప్పక్కర్లేదు. కానీ డిడిమో వచ్చింది చల్లటి, అద్దం లాంటి, పోషకాలు దాదాపు లేని కొండ నదుల్లో. సాల్మన్, ట్రౌట్ చేపలకి పేరుపడ్డ నదులవి.

మాక్స్ బాత్‌వెల్ అనే కెనడా శాస్త్రవేత్త ఈ కేసు పట్టుకున్నాడు. ఆయనకి ఒక క్లూ దొరికింది. సరిగ్గా 1980ల చివర్లోనే, గాలంతో చేపలు పట్టేవాళ్ళు అడుగున ఫెల్ట్ అతికించిన బూట్లు వాడటం పెరిగింది. ఫెల్ట్ అంటే ఉన్నిని నొక్కి చేసిన మందపాటి గుడ్డ. పాకుడు రాళ్ళ మీద జారకుండా పట్టు ఇస్తుంది. కానీ స్పాంజిలా నీళ్ళు పీల్చుకుంటుంది, తొందరగా ఆరదు. ఒక నదిలో దిగి, మర్నాడు ఇంకో నదిలో దిగితే, ఆ తడిలో కణాలు ప్రయాణం చేసేస్తాయి. 2009లో బాత్‌వెల్ బృందం ఈ వాదనతోనే ఒక పేపర్ రాసింది. దాని టైటిల్ తెలుగులో చెప్పాలంటే "జాలర్ల బూట్ల మీద" అని.

ఈలోగా 2004 అక్టోబర్‌లో న్యూజిలాండ్ దక్షిణ దీవిలో వయావు అనే నదిలో డిడిమో బయటపడింది. దక్షిణార్ధగోళంలో ఇంత పెద్ద మేటలు కనబడటం అదే మొదలు. అక్కడి ప్రభుత్వం కంగారుపడింది. 2005 డిసెంబర్‌లో మొత్తం దక్షిణ దీవిని కంట్రోల్డ్ ఏరియాగా ప్రకటించింది. తెలిసి తెలిసి వ్యాప్తి చేస్తే ఐదేళ్ళ దాకా జైలు, లక్ష డాలర్ల దాకా జరిమానా. 2008లో ఫెల్ట్ బూట్లనే నిషేధించారు. చల్లగా, తడిగా, చీకటిగా ఉంచితే ఈ కణాలు 40 రోజుల దాకా బతకగలవని అక్కడి ప్రయోగాల్లో తేలింది. నా ఫ్రెండ్ చూసిన బోర్డు ఈ చరిత్రలోంచి వచ్చింది. చూడు, కడుగు, ఆరబెట్టు.

అమెరికాలో వర్మాంట్, మేరీల్యాండ్ రాష్ట్రాలు కూడా 2011లో ఫెల్ట్ బూట్లని నిషేధించాయి. కేసు క్లోజ్. దోషి: జాలరి బూటు.

నా పాత ఆఫీసు కథ

ఇక్కడ నా కథ చెప్తాను. పాత ఉద్యోగంలో ఒక శుక్రవారం రాత్రి మా సర్వర్ కూలబడింది. ఆ మధ్యాహ్నమే కొత్తగా చేరిన ఒక అబ్బాయి కోడ్ పెట్టాడు. ఎర్రర్ కూడా సరిగ్గా అతను ముట్టుకున్న ఫైల్‌లోనే వస్తోంది. కాల్‌లో అందరి ముందూ నేనే అన్నాను, "ఇది వాడి కోడే, తీసేయండి" అని. తీసేశాం. అయినా సర్వర్ లేవలేదు.

రెండు రోజులు కిందామీదా పడ్డాక తేలింది. ఎర్రర్ ఇస్తున్న ఆ ఫంక్షన్ మూడేళ్ళుగా అక్కడే ఉంది. ఎప్పుడూ ఏ గొడవా చేయలేదు. ఆ వారం వేరే టీమ్ ఒక సెట్టింగ్ మార్చింది. కోడ్ కొత్తది కాదు, దాని చుట్టూ ఉన్న వాతావరణం మారింది. ఎర్రర్ ఎక్కడ వస్తోందో నేను సరిగ్గానే గుర్తుపట్టాను. ఎందుకు వస్తోందో మాత్రం చూడకుండానే తీర్పు ఇచ్చేశాను. సోమవారం ఆ అబ్బాయికి సారీ చెప్పాను. కానీ శుక్రవారం కాల్‌లో ఉన్న ముప్పై మంది సోమవారం లేరు కదా. ఆ సంగతి ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

డిడిమో కేసులో కూడా సరిగ్గా ఇదే జరిగింది.

లాగ్ ఫైల్ తీసి చూస్తే

"డిడిమో కొత్తగా వచ్చింది" అనాలంటే, అంతకుముందు అది అక్కడ లేదని చూపించాలి. ఎలా? మొదట పాత పుస్తకాలు తీశారు. వాంకూవర్ దీవిలో డిడిమో ఉందని 1890ల నాటి డయాటమ్ గ్రంథంలోనే నమోదై ఉంది. ఫెల్ట్ బూట్ల కంటే దాదాపు వందేళ్ళ ముందు.

తర్వాత మట్టి తవ్వారు. చెరువు అడుగున ఏటేటా ఒండ్రు పొరలు పొరలుగా పేరుకుంటుంది. డయాటమ్ చచ్చిపోతే లోపలి పదార్థం కుళ్ళిపోతుంది గానీ గాజు డబ్బా మిగులుతుంది. అంటే చెరువు మట్టి ఒక లాగ్ ఫైల్. గొట్టం దింపి మట్టి తీసి, ఏ లోతు ఏ ఏడాదిదో లెక్కగట్టి, ఒక్కో పొరలో గాజు సీసాల కోసం వెతకొచ్చు. కెనడాలోనే క్విబెక్‌లో మాటాపీడియా నదిలో 2006లో డిడిమో మేటలు కనిపించి, కొత్తగా వచ్చిందని గోల అయింది. ఆ ప్రాంతంలో ఒక సరస్సు అడుగు మట్టి తీసి చూస్తే 1970ల పొరల్లోనే డిడిమో ఉంది. అది అప్పటికే అక్కడి కాపురస్తురాలు.

మరి ఉన్నట్టుండి ఎందుకు విజృంభించింది? ఇక్కడే ఆవాసం మాట్లాడుతుంది. మేటలు వచ్చిన నదుల్లో ఉమ్మడి లక్షణం వెతికితే, నీళ్ళలో కరిగిన ఫాస్ఫరస్ అతి తక్కువ. లీటరుకి సుమారు 2 మైక్రోగ్రాముల లోపు. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు.

న్యూజిలాండ్‌లో కాథీ కిల్రాయ్, బాత్‌వెల్ కలిసి ప్రయోగాలు చేశారు. ఏటి నీటిని కాలవల్లోకి మళ్ళించి, కొన్నిటికి ఫాస్ఫరస్ కలిపారు. కలిపినచోట కణాలు చకచకా చీలాయి, కాడలు పొట్టిగా ఉన్నాయి. కలపనిచోట కణాలు చీలడం తగ్గింది, కాడలు మాత్రం సాగాయి. 2011లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

లాజిక్ ఇది. ఎండ బాగా ఉంది, కాబట్టి కణం చక్కెరలు దండిగా తయారు చేస్తోంది. కానీ కొత్త కణం కట్టాలంటే డీఎన్‌ఏకి, పొరలకి ఫాస్ఫరస్ కావాలి. అది లేదు. ఇంటికి ఇటుకలు లారీల కొద్దీ దిగాయి, సిమెంటు మాత్రం రాలేదు అనుకోండి. ఇల్లు లేవదు, ఇటుకలు బయట పేర్చుకుంటూ పోతాం. ఆ పేర్చిన ఇటుకలే కాడలు. కరువులో ఉన్న కణం వేసే వేషమే మనకి విజృంభణలా కనిపిస్తోంది!

2014లో బాత్‌వెల్, బ్రాడ్ టేలర్ కలిసి రాసిన పేపర్‌లో, చాలాచోట్ల డిడిమో పాత కాపురస్తురాలేననీ, మారింది నీటి పరిస్థితులేననీ వాదించారు. నీళ్ళలో ఫాస్ఫరస్ ఇంత తగ్గడానికి కారణాలుగా గాలిలోంచి పడే నైట్రోజన్ పెరగడం, మంచు కరిగే కాలం మారడం లాంటివి చర్చకి పెట్టారు. ఇక్కడ ఆగి ఒక్క క్షణం ఆలోచించండి. "జాలర్ల బూట్ల మీద" అని 2009లో రాసింది ఎవరు? ఈ బాత్‌వెలే. ఐదేళ్ళ తర్వాత తన వాదనని తనే పబ్లిక్‌గా సవరించుకున్నాడు. నా సోమవారం సారీ కంటే ఇది చాలా పెద్ద పని.

మరి న్యూజిలాండ్? అక్కడ కథ వేరు. 2004కి ముందు అక్కడి నదుల్లో ఏళ్ళ తరబడి చేసిన సర్వేల్లో డిడిమో లేదు. ఒకచోట మొదలై నది నుంచి నదికి వ్యాపించింది. బయటి నుంచి వచ్చిందన్న వాదన అక్కడ బలంగా నిలబడుతుంది. వచ్చాక ఏ నదిలో మేట కడుతుందో మాత్రం ఫాస్ఫరసే నిర్ణయిస్తోంది. అంటే ఒకే జాతి, ఒకే గాజు సీసా, రెండు దేశాల్లో రెండు వేర్వేరు కేసులు. ఆకారం "ఎవరు" అన్నది చెప్తుంది. "ఎందుకు" అన్నది చెప్పదు. దానికి ఆవాసాన్నీ, చరిత్రనీ అడగాలి.

వర్మాంట్ 2016లో తన ఫెల్ట్ నిషేధం ఎత్తేసింది. అలాగని బూట్లు కడగడం దండగ అనుకోకండి. నత్తలు, చేపల రోగాలు, ఇతర జీవులు కూడా తడి బూట్లతోనే తిరుగుతాయి. బూటు కడుక్కోవడం మంచి అలవాటే. కానీ అసలు కారణం నీటి కెమిస్ట్రీ అయినచోట బూటుని మాత్రమే పట్టుకుంటే, అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టే. కారణం అలాగే ఉండిపోతుంది.

మన దగ్గర?

మన దేశంలో డిడిమో ఉంది. హిమాలయ నదుల్లో ఇది సమృద్ధిగా ఉందని 2008లో ఒక శాస్త్రీయ పత్రిక పేపరే అచ్చేసింది. చల్లని నీళ్ళు, రాతి అడుగు, వేగం: అన్నీ సరిపోయాయి. మన గోదావరి, కృష్ణల్లో అడుగు దగ్గర వెచ్చటి నీళ్ళు, వానాకాలంలో ఎర్రటి ఒండ్రు. దాని అడ్రస్ ఇది కాదు. కాబట్టి భద్రాచలం రేవులో గోధుమ పాకుడు చూసి డిడిమో అని రీల్ పెట్టేయకండి. ఆ పాకుడులో ఉండేది వేరే డయాటమ్‌లు.

వేరే ఏవి అంటే, అక్కడే ఇంకో పాఠం ఉంది. వెచ్చటి దేశాల డయాటమ్‌లకి కూడా చాలాకాలం యూరప్ పుస్తకాల్లోని బొమ్మలతో పోల్చి ఆ పేర్లే అతికించారు. కాస్త పోలిక ఉంటే చాలు, అదే పేరు. హెచ్.పి. గాంధీ అనే మన శాస్త్రవేత్త 1950ల నుంచి పశ్చిమ భారతదేశపు మంచినీటి డయాటమ్‌లని కూర్చుని ఓపిగ్గా బొమ్మలు గీసి, ఎన్నో కొత్త జాతులని వర్ణించాడు. మధ్య గుజరాత్ డయాటమ్‌ల మీద ఆయన పుస్తకం 1998లో వచ్చింది. దగ్గరగా చూస్తే మన ఏళ్ళలో మనవే అయిన జాతులున్నాయని చూపించిన పని అది. నదిలో నీళ్ళు బాగున్నాయో పాడయ్యాయో డయాటమ్‌లని బట్టి అంచనా వేస్తారు. పేరు తప్పయితే ఆ అంచనా కూడా తప్పే.

ఆ రాత్రి నా ఫ్రెండ్‌కి మళ్ళీ కాల్ చేసి ఇదంతా చెప్పాను. అంతా విని, "అయితే నా బూట్లు కడగాలా వద్దా మామా?" అన్నాడు. కడుగురా అన్నాను. నువ్వున్న చోట ఆ కేసు నిజమే.

మీరు ఈసారి ఊరెళ్ళి రేవు మెట్ల మీద కాలు జారితే, తిట్టుకునే ముందు ఒక్కసారి కిందికి చూడండి. మీ అరికాలి కింద లక్షల గాజు పెట్టెలున్నాయి. వచ్చే ఎపిసోడ్‌లో ఇవే గాజు పెట్టెల మట్టితో 1867లో నోబెల్ డైనమైట్ ఎలా చేశాడో మాట్లాడుకుందాం. అప్పటిదాకా సెలవు. జాగ్రత్తగా దిగండి, పాకుడు ఉంటుంది.